సగం కటింగు

వణుకు ఆగింది. ముందు కాలు ఆగింది, ఆ తర్వాత చెయ్యి, అన్నిటికంటే ఆఖర్న దవడ. ఇన్‌స్పెక్టరు ఒక్క పెద్ద ఊపిరి తీసి, చాలా దూరం పరుగెత్తినవాడు గట్టు మీద కూలబడ్డట్టు నిద్రలోకి జారిపోయాడు. సెలూన్ నేల మీద, ఎడమ పక్కకి ఒత్తిగిలి, తల కింద మడతపెట్టిన తువ్వాళ్లతో, చుట్టూ తన జుట్టే నల్లగా రాలి ఉండగా. నలభై దాటిన మనిషి, బొద్దు మనిషి. తల కుడివైపు నున్నగా, చెవి మీద గీత గీసినట్టు కటింగు అయింది; ఎడమవైపు ఇంకా వానాకాలపు గడ్డి. కండక్టరమ్మ అతని పక్కనే చతికిలబడింది, కూచున్నాక గాని తెలియలేదు తన చేతులూ వణుకుతున్నాయని. ఇంతసేపూ ఎక్కడ దాక్కుందో ఈ వణుకు, పనంతా అయ్యాక వచ్చి హాజరు వేయించుకునే ఉద్యోగిలాగా, అనుకుంది, నవ్వొచ్చింది, ఇప్పుడు నవ్వకూడదు, ఎందుకు నవ్వకూడదు, ముందు ఊపిరి చూడు. పొట్ట పైకి లేచింది. దిగింది. మళ్లీ లేచింది. పెదాల రంగు బాగానే ఉంది. ఖాళీ స్ప్రే ఇంకా తన పిడికిట్లోనే ఉంది, బొటనవేలంత ప్లాస్టిక్ వస్తువు, ముక్కులో పెట్టి ఒక్కసారి నొక్కితే సరి, రెండోసారి నొక్కడానికి అందులో ఏమీ ఉండదు. అలా ఉండకపోవడమే మంచిదంది మందివ్వడం నేర్పిన నర్సు. "రెండోది మీరు ఇవ్వకండి, అది అంబులెన్సు వాళ్ల పని. మీ పని ఒక్కటే, ఒక్కసారే."

ఇప్పుడు మిగిలింది కాపలా. పూర్తిగా తెలివి వచ్చేదాకా, ఓ గంట పట్టినా సరే, పక్కనుంచి కదలకూడదు. సెలూనాయన కత్తెర చేతిలోనే పట్టుకుని గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు, గోడకున్న అద్దంలో ఇంకో సెలూనాయన వీపు. బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఇప్పుడు పేపరుతో ఇన్‌స్పెక్టరుకి విసురుతున్నాడు, ఫాను తిరుగుతున్నా విసురుతున్నాడు, విసరనీ, పాపం, చేతులకి ఏదో ఒక పని ఉండాలిగా. ఇందాక ఈయనే "స్పూను, స్పూను, పళ్ల మధ్య స్పూను పెట్టండి" అంటూ గది నాలుగు మూలలా తిరిగాడు, సెలూన్లో స్పూనెక్కడ దొరుకుతుంది, దొరక్క దువ్వెన పట్టుకొచ్చాడు. అప్పుడు తన నోట్లోంచి వచ్చిన గొంతు తనకే ఆశ్చర్యం. ఎన్నేళ్లయింది ఆ గొంతు వాడి! కిక్కిరిసిన బస్సులో ముందు డోరు నుంచి వెనక డోరుకి వినపడాల్సిన గొంతు. "నోట్లో ఏమీ పెట్టకండి! అందరూ వెనక్కి జరగండి, ఇంకా జరగండి, గాలి రానివ్వండి!" జరిగారు. మనుషులు జరుగుతారు, చెప్పేవాళ్లు చెప్పాలే గాని. ఇరవయ్యేళ్లు ఆ పనే చేసింది తను, లోపల ఖాళీ ఉంది జరగండి, ఖాళీ లేనప్పుడు కూడా జరగండి, విచిత్రం ఏమిటంటే చెప్పాక ఎక్కడి నుంచో కాస్త ఖాళీ పుట్టుకొచ్చేది.

పొట్ట లేచింది. దిగింది. ఇన్‌స్పెక్టరు అన్న పేరు తనే పెట్టింది, డే సెంటర్లో చేరిన మొదటి వారంలోనే. అప్పటికి బస్సు ఉద్యోగం అయిపోయి, ఇంట్లో కూచోలేక, వీధి చివర ఉన్న ఈ సెంటర్లో ఆయాగా చేరింది. పొద్దున్నే ఇళ్లలోంచి పెద్దవాళ్లని తీసుకొస్తారు, ఒకరికి నడక సరిగా రాదు, ఒకరికి మాట, ఒకరికి వయసు పెరిగినా మనసు పెరగలేదంటారు, సాయంత్రం దాకా వాళ్లని కనిపెట్టుకుని ఉండాలి, తినిపించాలి, కబుర్లు చెప్పాలి, పోట్లాడుకుంటే విడదీయాలి. మొదటిరోజు ఈయన వచ్చి కొళాయిలన్నీ వరసగా తిప్పి చూశాడు, కట్టేసి ఉన్నాయా లేదా అని, తర్వాత కిటికీ గడియలు, తర్వాత తన చెప్పులు. "ఎడమది అరిగింది," అన్నాడు. నిజమే, అరిగింది. చిత్తం ఇన్‌స్పెక్టరు గారూ అంది, ఆయన నవ్వాడు, ఆ నవ్వు చెవి నుంచి చెవి దాకా పరిచిన నవ్వు, ఆ రోజు నుంచి అదే పేరు. తిరిగి ఆయన తనని కండక్టరన్నాడు, ఆఫీసరు హోదా కాబట్టి 'నువ్వు' అంటాడు, 'అమ్మ' తగిలించినవాళ్లు మిగతావాళ్లు.

ఈ సెలూన్ కుర్చీ ఆయన కోరిక. రోజూ వాన్‌లో వచ్చేటప్పుడు అద్దాల తలుపులోంచి కనిపించే ఎర్ర కుర్చీ, గుండ్రంగా తిరుగుతుంది, కాలితో తొక్కితే పైకి లేస్తుంది. "అది నేను చూడాలి," అనేవాడు, చూడాలంటే తనిఖీ చేయాలని. కానీ ఎవరు తీసుకెళ్తారు? ఎప్పుడు వస్తుందో తెలియని ఫిట్సు, వచ్చిందంటే చాలాసార్లు దానంతట అది ఆగదు, మందు పడితేనే ఆగుతుంది, ఆ మందు ఇచ్చే హక్కు నర్సుకే, నర్సు వారంలో రెండు రోజులే. అందుకని జుట్టు వాళ్లక్కే కత్తిరించేది, ఇంట్లో, బట్టలు కత్తిరించే కత్తెరతో. అక్క దర్జీ. జాకెట్టు మెడ ఎంత గుండ్రంగా తీసేదో తమ్ముడి తల చుట్టూ అంత గుండ్రంగా తీసేది, పైపింగు ఒక్కటే తక్కువ అని తను ఒకసారి అంటే అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వితే ఆవిడ వేరే మనిషి. నవ్వడానికి తీరికెక్కడిది ఆవిడకి. సెంటరు వెనక సందులోనే కొట్టు పెట్టుకుంది, కావాలనే, పిలిస్తే వినపడేంత దూరంలో. నర్సు లేని రోజు ఫిట్సు వస్తే అంబులెన్సుకి ఫోను చేసి, తామెవరో ఒకరు సందులోకి పరుగెత్తేవాళ్లు, ఆవిడ మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి, మెడలో టేపు వేలాడుతుండగా, మందు పట్టుకుని ఎదురు పరుగెత్తుకొచ్చేది. అంబులెన్సు కన్నా ఆవిడే ముందొచ్చేది ఎప్పుడూ. తాము పక్కన నిలబడి చూసేవాళ్లు. అదే మందు, అదే ముక్కు, అదే నొక్కుడు. అక్క చెయ్యి అయితే తప్పు లేదు, ఆయా చెయ్యి అయితే నేరం.

కానీ ఆ నిబంధన మారుస్తామన్నప్పుడు అందరికంటే గట్టిగా అడ్డం తిరిగింది తనేగా! తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మీటింగులో డాక్టరు గారు నిదానంగా, ఎవరినీ కంగారు పెట్టకుండా చెప్పాడు, నేర్చుకుని పరీక్షలో నెగ్గినవాళ్లే ఇస్తారు, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో మనిషి మనిషికీ విడిగా నేను చెప్తాను, ఇష్టం లేనివాళ్లని బలవంతపెట్టం. తను లేచి నిలబడింది. "అన్నం పెట్టమంటే పెడతామండీ, పక్క మార్చమంటే మారుస్తాం. మందు మా చేత ఇప్పిస్తే రేపు ఏదన్నా జరిగితే మా మెడకే చుట్టుకుంటుంది. ఎలకకి ప్రాణసంకటం అవుతుంది మా సంగతి." చప్పట్లు కూడా పడ్డాయి. వంటమనిషి అయితే ఈల వేసినంత పని చేసింది. అప్పుడు వెనక వరసలోంచి అక్క లేచింది. కోపంగా మాట్లాడుతుందనుకుంది తను, ఎదురుదెబ్బకి సిద్ధమైంది కూడా. ఆవిడ మాత్రం చీర కొంగు సర్దుకుని, చాలా మామూలుగా, కొలతలు చెప్తున్నట్టు చెప్పింది. "నేనూ భయపడ్డానమ్మా. మొదటిసారి నా చేతులు ఎంత వణికాయంటే మందు సగం వాడి మీసాల మీదే పడింది. నాకు ఆస్పత్రి వరండాలో నిలబెట్టి ఒక్కసారి చూపించారు, అంతే, అదే నా చదువు. మీకైతే కూచోబెట్టి నేర్పుతామంటున్నారుగా." అని కూచోబోయి, మళ్లీ లేచి, "నేను ఆ సందు దాటి పద్నాలుగేళ్లయింది," అంది. అంతే అంది. బతిమాలలేదు. బతిమాలి ఉంటే తను ఇంకో నాలుగు మాటలు అనేదేమో. రెండు వీధులు, ఒక సందు, ఒక కూరగాయల బజారు, అంతేనా ఒక మనిషికి ప్రపంచం. తను రోజుకి ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి ఎన్నిసార్లు తిరిగేదో, రైట్ రైట్ అంటూ. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే వెళ్లి శిక్షణకి తన పేరు చెప్పేసింది, వంటమనిషి నోరు తెరిచి చూసింది, నోరు మూసుకున్నాక తనూ చేరింది.

పొట్ట లేచింది, దిగింది. చిన్న గురక కూడా మొదలైంది, మంచి గురకే, డ్రైవరు గురకలాంటిది. డ్రైవరంటే తన మొగుడు, అదే రూట్లో అదే బస్సు తోలేవాడు, తను బెల్లు కొడితే ఆపేవాడు, రెండు కొడితే పోనిచ్చేవాడు, పెళ్లయ్యాక కూడా అదే వరస. శిక్షణలో ఇచ్చిన ఖాళీ స్ప్రేతో ఆయన మీదే సాధన చేసింది. చాప మీద పడుకోమంటే ఆయన ఒకటే నటన, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, గుడ్లు తేలేయడం, మధ్యలో ముక్కు దగ్గర చక్కిలిగింత అని కిసకిసలు. "నిన్ను ఫిట్సు వచ్చినవాడిలా పడుకోమన్నాను, విలన్ చచ్చిపోయినట్టు కాదయ్యా." "ఏదయితేనేం, నన్ను బతికించు ముందు." బతికించింది, వారం రోజులు, పూటకోసారి. ఆఖరికి కళ్లు మూసుకున్నా చెయ్యి దానంతట అదే చేసుకుపోయేది: గడియారం చూడు, పక్కకి తిప్పు, తల కింద మెత్తగా పెట్టు, మెడ దగ్గర వదులు చెయ్యి, అయిదు నిమిషాలకీ ఆగకపోతే అప్పుడు మందు, ఆపైన ఊపిరి చూడు, మందు పడ్డాక కూడా ఆగకపోయినా ఊపిరి తేడా చేసినా అంబులెన్సు. నర్సు పరీక్ష పెడుతూ తొందరపెట్టేది, అడ్డం మాట్లాడేది, బొమ్మని కిందకి తోసేసేది. చిన్నపిల్ల, తన కూతురి ఈడు, పరీక్ష అయ్యాక గట్టిగా వాటేసుకుంది. ఆ పరీక్ష నెగ్గబట్టే ఇవాళ తను ఇన్‌స్పెక్టరుని ఈ ఎర్ర కుర్చీ దాకా తీసుకురాగలిగింది.

అన్నీ నేర్పారు గాని ఆ అయిదు నిమిషాలు ఎంత పొడుగుంటాయో ఎవరూ నేర్పలేదు. కుర్చీలో రాజులా కూచుని, రెండుసార్లు గిర్రున తిప్పించుకుని, ఇంకోసారి అని, సెలూనాయన కుడివైపు పూర్తిచేసి ఎడమవైపుకి వస్తుండగా ఇన్‌స్పెక్టరు అద్దంలోకి చూస్తూ చూస్తూ ఎక్కడికో చూడటం మొదలుపెట్టాడు. తెలిసిపోయింది. కింద పడకముందే సెలూనాయనా తనూ కలిసి దించారు. గోడ గడియారంలో సెకండ్ల ముల్లు ఇంత నీరసంగా కూడా తిరుగుతుందా. ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది, ఆగితే మందు అక్కర్లేదు, తను ఇవ్వక్కర్లేదు, దేవుడా ఆపు, ఆపవేం, మొండి ఇన్‌స్పెక్టరూ ఆగవయ్యా. ఆగలేదు. గడియారం ఆగమన్నా ఆగలేదు, అయిదు నిమిషాలూ నిండాయి. సంచీ జిప్పు ఒక్క లాగుడుకి వచ్చింది, తలని ఒక చేత్తో పట్టుకుని, ముక్కులో పెట్టి, నొక్కింది. ఒక్క చుక్క కూడా మీసాల మీద పడలేదు. ఆ క్షణంలో బుర్రలో ఏముంది అంటే ఏమీ లేదు, చాపా లేదు, డ్రైవరూ లేడు, నిబంధనా లేదు. ఈయన ముక్కు ఒక్కటే ఉంది. ఆ తర్వాత ఏదీ జరగకుండా కాసేపు, ఆ కాసేపే అన్నిటికంటే ఘోరం, నేనేమన్నా తప్పు చేశానా, సరిగా నొక్కలేదా, ఫోను మీద వేలు సిద్ధంగా పెట్టుకుని ఉండగా కాలు నెమ్మదించింది.

నర్సుకి వెంటనే ఫోను చేసింది. నర్సు అవతలి సెంటర్లో ఉంది. రంగు అడిగింది, ఊపిరి లెక్కపెట్టించింది, పిలిస్తే కనురెప్పలు కదులుతున్నాయా అని అడిగింది, కదులుతున్నాయి. "సరిగ్గా చేశావు పిన్నీ. ఇంక నిద్ర పోనీ. తేడా అనిపిస్తే ఆలోచించకు, అంబులెన్సుకి చేసెయ్. వాళ్లక్కకి మెలకువ వచ్చాక చెప్పు, గొంతు వినిపిస్తే సగం భయం తగ్గుతుంది." పిన్నీ అంది. సెంటర్లో ఎప్పుడూ ఆయమ్మ గారూ అంటుంది.

ఇంక మిగిలింది ఆ ఫోను. అక్కకి చెప్పాలి. ఆవిడ ఇవాళ సందులో లేదు, పద్నాలుగేళ్లలో మొదటిసారి లేదు. తోటి దర్జీలు బస్సు మాట్లాడుకుని ఏదో కొండ చూడ్డానికి పోతుంటే, వస్తావా అని మాటవరసకి అడిగితే, వస్తానని ఆవిడ అనగానే వాళ్లే బిత్తరపోయారట. పొద్దున తమ్ముణ్ణి సెంటర్లో దింపి, గేటు దాకా వెళ్లి, వెనక్కొచ్చి, స్ప్రే సంచీలో ఉందో లేదో చూసి, మళ్లీ గేటు దాకా వెళ్లి, మళ్లీ రాబోతుంటే తనే అరిచింది, "రైట్ రైట్, బండి కదలాలి!" ఆవిడ నవ్వేసి పోయింది. కొత్త చెప్పులు వేసుకుంది. ఇప్పుడు ఫోను చేస్తే ఏమవుతుంది? దిగి పరుగెత్తుకొచ్చేస్తుంది. కొండ కొండ దగ్గరే ఉంటుంది, ఆవిడ మళ్లీ సందులోనే ఉంటుంది, ఇంకో పద్నాలుగేళ్లు, చూశావా నేను లేని రోజే వచ్చింది అనుకుంటూ. చెప్పకపోతే? ఛీ, అదేం ఆలోచన. చెప్పకుండా దాచిన సుఖం ఎవరిక్కావాలి, ఆవిడ నమ్మకమే పోతే ఈ స్ప్రే నేర్చుకుని ఏం లాభం. చెప్పాలి. చెప్పి, ఉండమనాలి. ఎలా అనాలి?

సెలూనాయన టీ తెప్పించాడు. పెద్దాయనా తనూ కింద కూచుని తాగుతున్నారు, ఎవరింట్లోనో అరుగు మీద కూచున్నట్టు. "తెలియక దువ్వెన తెచ్చానమ్మా," అన్నాడు పెద్దాయన. "కంగారులో అందరం అంతేనండీ. మీరు విసిరిన గాలికి ఆయనకి హాయిగా నిద్ర పట్టింది," అంది, ఆయన ముఖం వెలిగిపోయి మళ్లీ విసరడం మొదలెట్టాడు. ఒక కుర్రాడు తలుపు తోసుకుని లోపలికి తల పెట్టి, నేల మీద మనిషినీ చుట్టూ టీ గ్లాసుల్నీ చూసి, తల వెనక్కి తీసుకున్నాడు. ఇవాళ్టికి బేరం పోగొట్టామండీ మీకు అంటే, సెలూనాయన, "సగం తలతో మనిషిని పంపిస్తే పోయేది బేరం కాదమ్మా, పరువు," అన్నాడు, అని చీపురు తీసుకుని ఇన్‌స్పెక్టరు చుట్టూ జుట్టు చాలా మెల్లగా, నిద్ర చెడకుండా ఊడ్చాడు.

ఎండ తలుపు దగ్గర్నుంచి కుర్చీ కాళ్ల దాకా వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు కళ్లు తెరిచాడు. మొదట ఫానుని చూశాడు. తర్వాత తనని. ఎవరో తెలియని చూపు, నర్సు ముందే చెప్పింది, కాసేపు అలాగే ఉంటుందని. చెయ్యి పట్టుకుని ఊరుకుంది. అలల్లాగా ఒక్కొక్కటీ వెనక్కి వస్తున్నాయి ఆయన ముఖంలోకి, నుదురు, కనుబొమలు, మూతి. మంచినీళ్లు అప్పుడే వద్దు, పూర్తిగా లేవనీ.

"కండక్టరూ."

"ఆఁ, చెప్పండి ఇన్‌స్పెక్టరు గారూ."

"ఫాను మీద దుమ్ము."

సెలూనాయన పైకి చూసి, ఉందండీ, రేపే తుడిపిస్తానన్నాడు చేతులు కట్టుకుని. కండక్టరమ్మకి నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి, కొంగుతో తుడుచుకుంటూ కూడా నవ్వింది, ఇందాకటి నుంచి ఎక్కడెక్కడో బిగబట్టి పెట్టుకున్నదంతా కట్ట తెగినట్టు. గోడకి ఆనించి కూచోబెట్టారు. ఏ రోజో అడిగితే చెప్పాడు, ఎక్కడున్నాడో చెప్పాడు, తల తడుముకుని ఒక పక్క ఉంది ఒక పక్క లేదు అని కూడా చెప్పాడు. నీళ్లిస్తే మామూలుగా మింగాడు. నర్సుకి మళ్లీ చెప్పింది. ఇంక తప్పదు. అక్క నంబరు నొక్కింది.

ఫోనులో గాలి హోరు, ఆ వెనక ఆడవాళ్ల నవ్వులు. "ఏమైంది?" అంది అక్క. హలో అనలేదు. వినకముందే తెలిసిపోయింది ఆవిడకి.

"వచ్చిందండీ. ఆగకపోతే మందిచ్చాను, ఆగింది. పడుకున్నాడు, లేచాడు, మాట్లాడాడు, నీళ్లు తాగాడు. నర్సుకి చెప్పాను. బాగున్నాడు."

నవ్వులు ఆగిపోయాయి అవతల.

"నువ్వే ఇచ్చావా?"

"నేనే."

"చేతులు వణికాయా?"

"తర్వాత వణికాయండీ. అప్పుడు కాదు."

అవతల ఊపిరి పీల్చిన చప్పుడు. "నేను బయల్దేరుతాను, కిందికి దిగితే బస్సు..." అంటోంది ఆవిడ, ఎవరితోనో ఏదో అంటోంది, చెప్పులో సంచో వెతుక్కుంటోంది, అప్పుడే సగం కొండ దిగేసింది మనసులో. వద్దండీ అని తను ఎన్ని రకాలుగా అనుకుని పెట్టుకుందో అవన్నీ ఒకదానికొకటి అడ్డంపడ్డాయి. ఫోను ఇన్‌స్పెక్టరు చెవి దగ్గర పెట్టింది.

"అక్కా. ఎక్కడున్నావు?"

"ఇక్కడ... కొండ మీద నాన్నా. వచ్చేస్తున్నా. ఎలా ఉంది నీకు?"

"పైనా కిందా?"

"ఇంకా పైకి పోలేదురా. తాడు మీద ఒక డబ్బా పోతుంది, అందులో కూచుంటే శిఖరం మీదికి తీసుకెళ్తుంది. దాని వరసలో ఉన్నాను. పోన్లే, అదేం చూడకపోతే..."

"తిరుగుతుందా?"

"ఏమిటి?"

"డబ్బా. గుండ్రంగా."

"లేదు, తిన్నగా పోతుంది."

ఇన్‌స్పెక్టరు ఆలోచించాడు. నోట్లో మాట ఇంకా కాస్త ముద్దగానే ఉంది, అయినా ఆఫీసరు ఆఫీసరే. "గడియ చూసుకుని ఎక్కు," అన్నాడు. "నువ్వు రావద్దు. నాకు పనుంది. ఇటు పక్క చెయ్యాలి ఇంకా."

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు ఒకటి, దాని వెనకే ఎవరో ఆడమనిషి కేకేసి చెప్తున్న మాట, డబ్బా వచ్చింది, ఎక్కుతావా లేదా, వెనక జనం ఉన్నారు. ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే, తమ్ముడి విషయమైతే ఫోను ముందు పెట్టేసే అలవాటు లేదు అక్కకి. ఎదుటివాళ్లు పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని నిలబడుతుందని కొట్టు పక్కవాళ్లు చెప్పుకుంటారు.

"ఆగు ఆగు, వస్తున్నా!" అని అరిచింది అక్క, వీళ్లతో కాదు, ఆ డబ్బాతో, చిన్నపిల్ల గొంతుతో, ఫోను కట్టయిపోయింది.